రికార్డర్ మీద ఒకే పాట, రెండేళ్ల సాధన: యమహా వైఆర్‌ఎస్-24బి సమీక్ష

'టైటానిక్' (1997) సినిమా కోసం జేమ్స్ హార్నర్ స్వరపరచగా సెలీన్ డియాన్ పాడిన 'మై హార్ట్ విల్ గో ఆన్' పాటను రికార్డర్ (నిలువుగా పట్టి ఊదే పాశ్చాత్య వేణువు) మీద తప్పు లేకుండా వాయించాలన్న ఒక్క కోరికతో రెండేళ్ల కిందట ఈ వాద్యాన్ని చేతపట్టాను. ఇప్పుడు నేను వాడుతున్నది యమహా వైఆర్‌ఎస్-24బి అనే సొప్రానో (హెచ్చు శ్రుతిలో పలికే చిన్న రకం) రికార్డర్. ఇది ఏబీఎస్ ప్లాస్టిక్‌తో చేసినది, మూడు ముక్కలుగా విడదీసి కడుక్కోవచ్చు. దాదాపు రోజూ అరగంట చొప్పున వాడిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను.

దీనికి ముందు వేరొక రికార్డర్ కొన్నాను. దాని మీద 'జర్మన్' అని ఉంటే అది తయారైన దేశమనుకున్నాను. నిజానికి అది వేళ్లు పెట్టే పద్ధతి పేరు. జర్మన్ పద్ధతిలో ఎఫ్ స్వరం (పాశ్చాత్యులు స్వరాలను సి, డి, ఇ, ఎఫ్, జి, ఎ, బి అంటారు) తేలిక, ముందువైపు నాలుగు రంధ్రాలు, వెనుక బొటనవేలి రంధ్రం మూస్తే చాలు. బరోక్ అనే మరో పద్ధతిలో అదే స్వరానికి అడుగున మరో రెండు రంధ్రాలు కూడా మూయాలి. మొదటి వారం జర్మనే సుఖంగా అనిపిస్తుంది కానీ, ఎఫ్ షార్ప్ (ఎఫ్ కంటే అర స్వరం పైది) దగ్గరికి వచ్చేసరికి శ్రుతి నిలవదు. ఈ తేడా నాకు నాలుగు నెలల తరువాత, పాట శ్రుతి మార్చవలసి వచ్చినప్పుడు తెలిసింది.

నాకు మొదట దొరికిన నొటేషన్ ఎఫ్ మేజర్‌లో, అంటే ఎఫ్ షడ్జమంగా ఉంది. పాట చరణం తేలికే, షడ్జమం చుట్టూ ని, రి, గ స్వరాలతోనే మొదలవుతుంది. కష్టమంతా పల్లవిలో ఉంది. అక్కడ స, రి పలికాక గొంతు మంద్ర పంచమానికి దిగి, వెంటనే పై పంచమానికి లేస్తుంది. ఎఫ్ మేజర్‌లో ఆ మంద్ర పంచమం సి అవుతుంది. సొప్రానో రికార్డర్‌లో అన్నిటికంటే కింది స్వరం అదే, ఎనిమిది రంధ్రాలూ మూసి, దీపం ఆరనంత మెల్లగా ఊదితేనే పలుకుతుంది. చిటికెనవేలు వెంట్రుకవాసి జరిగినా కీచుమంటుంది. అందుకే పాటను జి మేజర్‌కు మార్చుకున్నాను. అప్పుడు మంద్ర పంచమం డి అవుతుంది, చిటికెనవేలికి పని ఉండదు. అయితే నిషాదం ఎఫ్ షార్ప్ అవుతుంది కాబట్టి బరోక్ వాద్యం తప్పనిసరి అయింది. బరోక్ పద్ధతిదైన వైఆర్‌ఎస్-24బి మీద ఆ స్వరం మొదటి రోజు నుంచీ నిలకడగా పలికింది.

ఆ ఒక్క గెంతు మీదే సుమారు ఆరు వారాలు గడిపాను. రిషభమైన ఎ నుంచి కింది డికి దిగేటప్పుడు ఎడమచేతి ఉంగరపువేలు, కుడిచేతి మూడు వేళ్లు ఒక్కసారే రంధ్రాల మీద వాలాలి. పై డికి ఎగిరేటప్పుడు ఎడమచేతి మధ్యవేలు ఒక్కటే మిగిలి, వెనుక బొటనవేలితో సహా మిగతావన్నీ లేవాలి. ఊదకుండా వేళ్లతో మాత్రమే సాధన చేస్తే ఎక్కడ తప్పుతున్నామో చెవికి తెలుస్తుంది. నాలుగు వేళ్లూ కలిసి వాలితే ఒకే 'టప్' వినిపిస్తుంది, లేకపోతే చినుకులు రాలినట్టు విడివిడిగా వినిపిస్తుంది. కింది స్వరానికి నాలుకతో మెత్తగా 'దూ' అని, పై స్వరానికి 'తూ' అని పలికితే మధ్యలో దొంగ స్వరం దూరదు.

ఈ పాట పోనుపోను పెద్ద గొంతు కోరుతుంది, రికార్డర్ ఆ గొంతు ఇవ్వదు. గట్టిగా ఊదితే ధ్వనితో పాటు శ్రుతి కూడా పైకి జరుగుతుంది, మెల్లగా ఊదితే కిందికి జారుతుంది. ఇది ఈ వాద్యం స్వభావమే కాబట్టి ఎంత ఖరీదైనది కొన్నా పూర్తిగా పోదు. ఇది అర్థమయ్యాక ఊపిరి బలాన్ని స్థిరంగా ఉంచి, చరణంలో స్వరాలను కాస్త విడివిడిగా, పల్లవిలో ఒకదానికొకటి ఆనుకునేలా నిడివి పెంచి వాయించడం అలవాటు చేసుకున్నాను. వినేవారికి పల్లవి పెద్దదైనట్టే అనిపిస్తుంది. ఈ పాట నాకు నేర్పినవాటిలో అన్నిటికంటే విలువైనది ఇదే. గమకాల కోసం వచ్చేవారికి మాత్రం వెదురు వేణువే తగినదని నా అభిప్రాయం.

చలికాలం ఉదయాన ఊపిరి తేమ గాలిదారిలో చేరి పది నిమిషాల్లో గొంతు బొంగురుపోతుంది. పైముక్కను ముందుగా అరచేతుల్లో వెచ్చచేసుకోవాలి. అప్పటికీ మూసుకుపోతే పైముక్క మీద ధ్వని పుట్టే చదరపు సందును (దాన్ని కిటికీ అంటారు) వేలితో కప్పి ఒక్కసారి గట్టిగా ఊదితే తేరుకుంటుంది.

అసలు పాట ఇ మేజర్‌లో సాగి చివర ఎ ఫ్లాట్ (ఎ కంటే అర స్వరం కిందిది) మేజర్‌కు ఎక్కుతుంది, అంటే అంతర గాంధారమే కొత్త షడ్జమం అవుతుంది. నా జి మేజర్‌లో ఆ మార్పు బి మేజర్‌కు, అయిదు షార్ప్‌లకు చేరుస్తుంది. పై ఇ, పై ఎఫ్ షార్ప్ స్వరాలకు బొటనవేలి రంధ్రాన్ని కొద్దిగా మాత్రమే తెరవాలి. ఇ ఇప్పుడు అడిగిన ప్రతిసారీ పలుకుతోంది, ఎఫ్ షార్ప్ ఇంకా మూడింట ఒకసారి తప్పుతోంది.