ప్యాచ్ గుడ్డకు ఆముదమా, తేనెమైనమా?

మూతి నుంచి మందు కూరే పాత రైఫిల్‌లో సీసం గుండుకు చుట్టే గుడ్డకు జిడ్డు తప్పనిసరి. విశాఖలో తుపాకీ లైసెన్సు ఉన్నవాళ్లకు ఆముదం, తేనెమైనం రెండూ సులువుగా దొరుకుతాయి.

ఆముదం గొట్టంలోని మసిని మెత్తగా ఉంచుతుంది, తుడవడం తేలిక. వరుసగా కాల్చేటప్పుడు బాగుంటుంది. కానీ నింపి చాలాసేపు ఉంచితే నూనె మందులోకి దిగి, సరిగ్గా అంటుకోదు.

తేనెమైనం దాదాపు 62 డిగ్రీల దాకా కరగదు. మన మే ఎండకూ నిలుస్తుంది, నా ఓటు దానికే. ఒక్కటే అయితే మరీ గట్టి, కాస్త కొబ్బరినూనె కలపాలి. (కొబ్బరినూనె ఒక్కటే వద్దు, 24 డిగ్రీలకే కరుగుతుంది.)

ఇంజిన్ ఆయిల్ జోలికి మాత్రం పోకండి, మసితో కలిసి తారులా పట్టేస్తుంది. ఏది వాడినా, మన సముద్రపు గాలికి గొట్టం త్వరగా తుప్పు పడుతుంది. కాల్చిన రోజే నీళ్లతో కడిగి, ఆరబెట్టి, నూనె రాయండి.