మంచం పట్టిన మనిషికి ఎయిర్ బెడ్: మా ఇంటి అనుభవం

పక్షవాతం వచ్చిన నాన్నగారికి ఒకే వైపు పడుకుని పడక పుండ్లు పడకుండా బుడగల రకం ఎయిర్ బెడ్ (గాలి పరుపు) తీసుకున్నాం. మామూలు పరుపు మీద పరిచి, పంపును మంచానికి కాళ్లవైపు తగిలించాలి. కొన్ని నిమిషాలకోసారి కొన్ని బుడగలు నిండుతాయి, వాటి పక్కవి దిగుతాయి. ఒంటి బరువు ఒకేచోట నిలిచిపోదు. నడుము కింద మొదలైన ఎర్రదనం తగ్గింది. నాకు అదే పెద్ద ఊరట.

అయితే బెడ్ ఉంది కదా అని మనిషిని తిప్పడం మానకూడదు. మా అటెండెంట్ అమ్మాయి రెండు గంటలకోసారి తిప్పుతుంది. పూర్తిగా పక్కకు కాదు, వీపు వెనక దిండు పెట్టి 30 డిగ్రీల వాలులో. లేకపోతే బరువంతా తుంటి ఎముక మీద పడుతుంది. పిక్కల కింద ఇంకో దిండు పెడితే మడమలు పరుపుకు తగలవు. నాన్నగారిని పైకి జరపాలంటే చంకల్లో చేతులు వేసి లాగనివ్వదు. నడుము కింద అడ్డంగా వేసిన దుప్పటిని ఇద్దరం చెరోవైపు పట్టుకుని ఎత్తి జరుపుతాం. ఈడిస్తే చర్మం ఒరుసుకుపోతుందండీ, ఆ పుండు మానడం చాలా కష్టం.

కరెంటు పోతే గాలి దిగిపోతుంది కాబట్టి పంపును ఇన్వర్టర్‌కి కలపండి. పైన పలచని నూలు దుప్పటి చాలు, బొంత వేస్తే ప్రయోజనం పోతుంది. గాలి చాలిందో లేదో తెలియాలంటే పిరుదుల దగ్గర ఎయిర్ బెడ్ కింద అరచెయ్యి పెట్టి చూడండి. ఎముక తగిలితే గాలి తక్కువ. ఎక్కువ కాలం అవసరమయ్యేవాళ్లు ఖరీదైనా, బుడగల బదులు అడ్డంగా విడివిడి గాలి గొట్టాలుండే రకం చూడండి, ఒకటి పాడైతే అదొక్కటే మార్చుకోవచ్చు.