పైథాన్ కాన్ఫిగ్‌పార్సర్: గుంటూరుతో పేచీ, కడపతో మౌనం

ఎరువుల దుకాణాలకు బిల్లింగ్ ప్రోగ్రామ్ రాసిచ్చి, దాని బాగోగులు చూసుకోవడం నా పని. షాపు పేరు, ఊరు, ప్రింటర్ పోర్టు, బిల్లు కింద వేసే మాట, అన్నీ ఐఎన్ఐ అనే ఒక సెట్టింగుల టెక్స్ట్ ఫైల్లో ఉంటాయి. దాన్ని చదివేది పైథాన్‌తో పాటే వచ్చే కాన్ఫిగ్‌పార్సర్. విడిగా ఇన్‌స్టాల్ చేసే పని లేదు. ఓనరుగారు కూడా నోట్‌ప్యాడ్‌లో తెరిచి మార్చుకోవచ్చు. ఆయన మార్చాకే మనకు టెన్షన్ మొదలు.

ఎన్‌కోడింగ్ (అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతి) చెప్పకుండా చదివిస్తే, మన దగ్గరి విండోస్ కంప్యూటర్లలో పైథాన్ సాధారణంగా సీపీ1252 అనే పాత పట్టిక పట్టుకుంటుంది. ఫైల్లో తెలుగులో ఉన్నది ఊరి పేరొక్కటే అనుకుందాం. అది గుంటూరు అయితే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. కడప అయితే కిక్కురుమనదు. ఫైల్ దాచింది యూటీఎఫ్-8 అనే పద్ధతిలో. అందులో మన అక్షరాలూ గుణింతం గుర్తులూ ఒక్కొక్కటి మూడు బైట్లు. హెక్స్‌లో (పదహారు అంకెల లెక్కలో) చూస్తే ఉకారం చివరి బైటు 81, పొల్లుది 8డి. సీపీ1252లో ఈ రెండు గళ్ళూ ఖాళీ. కడపలో అవేవీ లేవు కాబట్టి సాఫీగా చదివేసుకుని, బిల్లు మీద గీత పెట్టిన ఇంగ్లిష్ ‘ఎ’లూ డిగ్రీ గుర్తులూ అచ్చేయిస్తుంది. ఆగిపోయిన గుంటూరే నయం, వెంటనే ఫోనైనా వస్తుంది.

సరే, యూటీఎఫ్-8 అని చెప్పాం. పాత నోట్‌ప్యాడ్ ఫైల్ మొదట్లో కంటికి కనపడని బీఓఎం గుర్తు పెడుతుంది. మొదటి లైన్లో బ్రాకెట్లలో ‘షాపు’ అని కళ్ళెదురుగా ఉన్నా, ఫైల్లో సెక్షన్ హెడర్ లేదంటుంది పార్సర్. యూటీఎఫ్-8-సిగ్ అని ఇస్తే ఆ గొడవ పోతుంది.

శాతం గుర్తుది వేరే కథ. ‘10% తగ్గింపు’ అని రాస్తే ఫైల్ చదివేటప్పుడు ఏమీ అనదు, ఆ విలువ అడిగినప్పుడు పడిపోతుంది. అంటే ప్రోగ్రామ్ పొద్దున మామూలుగానే తెరుచుకుని, కౌంటర్ ముందు రైతు నిలబడ్డాక బిల్లు దగ్గర ఆగుతుంది. శాతం గుర్తు చూసి మరో విలువ తెచ్చి అతికించే ఇంటర్‌పొలేషన్‌ని None అని పెట్టి ఆపేయడం మేలు.

వీటన్నిటికంటే నాకు ఒళ్ళు మండేది మౌనంగా మింగేసేవాటితో. ‘పోర్టు = 9100 # కొత్త ప్రింటర్’ అంటే హ్యాష్‌తో సహా మొత్తం విలువే. పైథాన్ 3.2 నుంచి లైను మధ్యలో కామెంటు (పార్సర్ పట్టించుకోకూడని గమనిక) కావాలంటే మనమే అడిగి పెట్టించుకోవాలి. వర్డ్ నుంచి కాపీ చేసిన వంకర కొటేషన్లూ విలువలోనే ఉండిపోతాయి. ఇక కొన్ని తెలుగు కీబోర్డులు పొల్లు తర్వాత పెట్టే, కంటికి కనపడని గుర్తు జీరో విడ్త్ నాన్ జాయినర్! ‘ప్రింటర్’ అన్న పేరు చివర అది చేరితే తెరమీద తేడా కనపడదు, పార్సర్‌కి మాత్రం అది వేరే పేరు. అంచుల్లో స్పేసులు కత్తిరిస్తుంది గానీ దీన్ని ముట్టుకోదు.

పైథాన్ 3.11తో వచ్చిన టామ్‌లిబ్ (టామ్ల్ అనే మరో రకం సెట్టింగుల ఫైళ్ళు చదివేది) దీనికంటే కచ్చితం. ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 ఒక్కటే. వంకర కొటేషన్ కనపడితే లైను, కాలమ్ నంబర్లతో సహా చెబుతుంది. కాకపోతే మాటలకు కొటేషన్లు ఉండాల్సిందే, తెలుగు పేర్లు కీలుగా వాడితే వాటికీ పెట్టాలి. ఎరువుల బస్తాలు దింపిస్తూ ఫోనులో మాట్లాడే ఓనరుగారికి ఆ సంగతి చెప్పి చూడండి!

నా మార్కులు ఐదుకి మూడు. షాపులకు ఇప్పటికీ ఇదే ఇస్తున్నాను, పేర్లలోంచి ఆ నాన్ జాయినర్‌ని తీసేసే ఒక లైను మాత్రం నేనే కలిపి.