నిరంకుశుడా, నియంతా?

బెంగళూరు మారతహళ్లిలో ఆదివారాలు పిల్లలకు తెలుగు చెబుతాను. మొన్న ఒక అమ్మాయి తన వ్యాసంలో హిట్లర్‌ను ఒకచోట నియంత అని, మరోచోట నిరంకుశుడు అని రాసి, "రెండూ ఒకటే కదండీ?" అని అడిగింది.

ఒకటి కావు. నిరంకుశం అంటే అంకుశం లేనిది. మావటి చేతిలో ఆ ఇనుప కొక్కెం లేకపోతే ఏనుగు దేన్ని తొక్కుకుంటూ పోతుందో తెలియదు. ఆ భయమంతా ఈ మాటలో ఉంది. అడ్డు లేకపోవడమే దీని ప్రాణం. వారసత్వంగా సాగిన నిజాం పాలనకు ఇది చక్కగా అతుకుతుంది. కవులనూ నిరంకుశులన్నారు, అక్కడ అది గౌరవం.

నియంత అంటే అదుపు చేసేవాడు. సంస్కృతంలో రథసారథికీ ఈ పేరుంది. పగ్గాలన్నీ తన గుప్పిట బిగించినవాడన్నమాట. 1933లో చట్టసభ చేతనే అధికారాలు రాయించుకున్న హిట్లర్‌కు ఇదే సరైన మాట.

ఇక్కడ కన్నడంలో నియంతను సర్వాధికారి అంటారు. మన పిల్లలు దాన్నే తెలుగులోకి తెచ్చేస్తున్నారు. నాకు నచ్చదు, తెలుగులో ఆ మాటలో పీడన వినిపించదు.

ఆ వ్యాసం శీర్షికలో నియంతనే ఉంచాను. యూదులపై సాగిన హింసను చెప్పిన పేరాలో మాత్రం 'నిరంకుశంగా' అన్న ఆమె మాటను కొట్టివేయలేదు.