ప్యాడా, స్టిక్కా, లివర్‌లెస్సా: కుడివైపు నిలబడి తేల్చుకోండి

ఆదివారం బెంగళూరు మారతహళ్ళిలో మా గదికి స్ట్రీట్ ఫైటర్, టెక్కెన్ లాంటి ఫైటింగ్ గేములు ఆడటానికి వచ్చే కుర్రాళ్ళలో ఒకడైనా వెళ్ళేముందు చెప్పులు వేసుకుంటూ అడుగుతాడు: "అన్నా, జీతం పడింది. స్టిక్ తీసుకోనా, ఉన్న ప్యాడ్‌తోనే లాగించనా?" ఈమధ్య ఇంకో ముక్క చేరింది: "లేకపోతే నువ్వు వాడే ఆ బటన్ల పెట్టె కొననా?" ఆరేళ్ళు ప్యాడ్‌తో (రెండు చేతులతో పట్టుకునే మామూలు కంట్రోలర్), మూడేళ్ళు స్టిక్‌తో (లివర్, బటన్లు ఉన్న పెట్టె) ఆడి, నాలుగు నెలల క్రితం లివర్‌లెస్‌కి (లివర్ బదులు దిశలకూ బటన్లే ఉండే పెట్టె) మారినవాణ్ణి. ప్రతిసారీ గుమ్మం దగ్గర నిలబడి సగం సగం చెప్పేకంటే ఒకసారి కూర్చుని రాయడం మేలనిపించింది.

గొప్ప ఆటగాళ్ళ చేతుల్లో ఏముందో చూసి కొనకండి. 2014లో ఈవో అనే పెద్ద ఫైటింగ్ గేమ్ పోటీలో అల్ట్రా స్ట్రీట్ ఫైటర్ 4 గెలిచిన ఫ్రాన్స్ ఆటగాడు లఫీ మొదటి తరం ప్లేస్టేషన్ ప్యాడ్‌తో ఆడాడు. జపాన్ దిగ్గజం డైగో ఉమెహారా ఏళ్ళ తరబడి లివర్ తిప్పి, ఆ తర్వాత లివర్‌లెస్‌కి మారాడు. వాళ్ళను చూస్తే ఏ దారైనా పైకి తీసుకెళ్తుందని తెలుస్తుందే తప్ప, మీ చేతికి ఏది నప్పుతుందో తెలియదు.

నా లెక్కలో తేల్చేది ఒక్కటే: మీ పాత్ర కుడివైపు ఉన్నప్పుడు మీ ఎడమచెయ్యి ఏం చేస్తోంది?

ట్రైనింగ్ మోడ్‌లో మనమంతా అలవాటుగా ఎడమవైపు నుంచే సాధన చేస్తాం. అసలు ఆటలో ఒక్క గెంతుతో వైపులు మారిపోతాయి. స్ట్రీట్ ఫైటర్ పాత్ర ర్యూతో ఎడమవైపు నుంచి ఇరవై షోర్యుకెన్‌లు (దూకి వచ్చేవాణ్ణి ఆపే, పైకెగిరి కొట్టే గుద్దు), కుడివైపు నుంచి ఇరవై వేసి చూడండి. ఇన్‌పుట్ హిస్టరీ (నొక్కినవన్నీ తెర మీద చూపించేది) ఆన్ చేసి పెట్టుకోండి, అది అబద్ధం చెప్పదు. ప్యాడ్ మీద నాకు ఎడమ నుంచి పద్దెనిమిది వచ్చేవి, కుడి నుంచి పన్నెండు. రెండేళ్ళపాటు నేను ఒత్తిడికి తట్టుకోలేకపోతున్నాననే అనుకున్నాను. ఓడిన మ్యాచ్‌లు మళ్ళీ వేసుకుని చూస్తే గాల్లోంచి దూకేవాణ్ణి కొట్టలేకపోయినవన్నీ దాదాపు కుడివైపువే.

కారణం చేతిలోనే ఉంది. ప్యాడ్ మీద దిశలన్నీ ఒక్క బొటనవేలి పని. కుడికి నొక్కాలంటే వేలు చాచాలి, ఎడమకు నొక్కాలంటే మడవాలి. ఒకే మూవ్ అయినా వైపు మారగానే కండరం చేసే పని మారిపోతుంది. పీఎస్5 ప్యాడ్ డ్యూయల్‌సెన్స్‌లో డీ-ప్యాడ్ (దిశల మీట) నాలుగు ముక్కలుగా ఉండటంతో కిందినుంచి పక్కకు జారేటప్పుడు మూల దిశ (కిందా పక్కా కలిసినది) జారిపోవడం మరో తలనొప్పి. అయినా మీ రెండు లెక్కల మధ్య తేడా రెండు మూడుకు మించకపోతే ప్యాడ్ వదలకండి. బ్యాగులో పడేసుకుని పోవచ్చు, రాత్రి రెండింటికి ఆడినా పీజీలో పక్క మంచంవాడికి నిద్ర చెడదు. స్ట్రీట్ ఫైటర్ 6లో మోడర్న్ కంట్రోల్స్‌తో (ప్రత్యేక దెబ్బలు సులువుగా పడే పద్ధతి) ఆడేవాళ్ళకైతే వేరేది అక్కర్లేదు.

స్టిక్ అంటే నాకు ఇప్పటికీ ప్రాణం. ఊళ్ళో బస్టాండు దగ్గర వీడియో గేమ్ షాపులో రూపాయి బిళ్ళ వేసి ముస్తఫా గేము ఆడిన చెయ్యి ఇది, ఆ లివర్ పట్టుకుంటేనే ఒళ్ళు పులకరిస్తుంది. జపాన్ సన్వా కంపెనీ లివర్ టకటకా తగిలే చతురస్రపు గేటులో (లివర్ కదలికకు హద్దు కట్టే చట్రం) మూలలు వేళ్ళకే తెలిసిపోతాయి. కొరియా లివర్లో సన్వాలో ఉండే స్ప్రింగ్ బదులు రబ్బరు ఉంటుంది, వదలగానే మధ్యకు చటుక్కున వస్తుంది. టెక్కెన్ వాళ్ళు దాన్ని ఇష్టపడేది అందుకే. స్ట్రీట్ ఫైటర్ మల్లయోధుడు జాంగీఫ్‌తో లివర్ గుండ్రంగా తిప్పడంలో ఉన్న హాయి బటన్లలో దొరకదు. పని బొటనవేలి నుంచి మణికట్టుకు మారడంతో కుడివైపు లెక్క నాకు పన్నెండు నుంచి పదిహేనుకు వచ్చింది, అక్కడే ఆగింది. ఇక బరువు. ఆ పెట్టెను ఒళ్ళో పెట్టుకుని సిల్క్‌బోర్డ్ జంక్షన్లో బస్సులో నలభై నిమిషాలు కూర్చున్నవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు.

లివర్‌లెస్‌లో ఎడమకు ఉంగరపువేలు, కిందికి మధ్యవేలు, కుడికి చూపుడువేలు, గెంతడానికి బొటనవేలు. ఒక దిశ నుంచి మరో దిశకు వేలు ప్రయాణించే పనే లేదు, అన్నీ తమ తమ చోట్ల సిద్ధంగా ఉంటాయి. షోర్యుకెన్‌కి కింది బటన్ పట్టుకుని, ప్రత్యర్థి వైపు బటన్ రెండుసార్లు తట్టి, పంచ్ నొక్కితే చాలు. కుడివైపు ఉన్నప్పుడు చూపుడువేలి బదులు ఉంగరపువేలు తడుతుంది, మిగతాదంతా అదే. మొదట్లో ఆ వేలు బద్ధకిస్తుంది. నాకు మూడు వారాలు పట్టింది, ఆ మూడు వారాలూ ర్యాంకు దిగజారింది. ఇప్పుడు రెండువైపులా పద్దెనిమిది.

టెక్కెన్‌లో తేడా ఇంకా స్పష్టం. కజూయా అనే పాత్ర వేసే ఎలక్ట్రిక్ అనే గుద్దుకి ముందుకు, వదిలి, కిందికి, ఆపైన కింది మూల దిశా పంచ్ బటనూ ఒకే ఫ్రేములో పడాలి. సెకనుకు 60 ఫ్రేముల ఆటలో అది సుమారు 16.7 మిల్లీసెకన్లు. లివర్ మూలకు చేరే క్షణాన్ని కుడిచెయ్యి ఊహించి కొట్టాలి. లివర్‌లెస్‌లో రెండు చేతుల వేళ్ళు రెండు కలిసి దిగితే సరిపోతుంది, చప్పట్లు కొట్టినట్టు. అందుకే నా ఓటు దీనికి.

ఒక జాగ్రత్త. లివర్‌తో కుడీ ఎడమా ఒకేసారి నొక్కడం కుదరదు, బటన్లతో కుదురుతుంది. ఆ రెండూ కలిసి పడినప్పుడు పెట్టె ఏం పంపాలన్నదే గొడవంతా. 2019లో డైగో వాడిన గాఫ్రోబాక్స్ అనే లివర్‌లెస్‌ను స్ట్రీట్ ఫైటర్ తయారుచేసే క్యాప్‌కామ్ తన పోటీల్లో వద్దన్నది. స్ట్రీట్ ఫైటర్ 6 వచ్చాక 2023లో క్యాప్‌కామ్ ప్రో టూర్ నియమాల్లో ఎదురెదురు దిశలు కలిస్తే ఏ ఒక్కటీ గెలవకూడదని రాశారు. కాబట్టి సెట్టింగ్‌లో న్యూట్రల్ (రెండూ రద్దు) పెట్టుకునే సాధన చేయండి. వేరేదానికి వేళ్ళు అలవాటుపడితే పోటీ రోజున ఏడుపే.

బెంగళూరులో ఉన్నందుకు మనకో వెసులుబాటు, ఎలక్ట్రానిక్స్ దుకాణాల ఎస్పీ రోడ్. నా మొదటి లివర్‌లెస్ అక్కడ కొన్న రాస్ప్‌బెర్రీ పై పికో (చిన్న సర్క్యూట్ బోర్డు), బటన్లు, ఒక అట్టపెట్టె. ప్రతి బటన్‌కీ ఒక కాలు పికో పిన్నుకి, మరో కాలు గ్రౌండ్‌కి టంకం వేయడమే. పికో మీద బూట్‌సెల్ అనే బటన్ నొక్కిపట్టి ల్యాప్‌టాప్‌కి పెడితే పెన్‌డ్రైవ్‌లా కనిపిస్తుంది, అందులో దాన్ని కంట్రోలర్‌గా మార్చే జీపీ2040-సీఈ అనే సాఫ్ట్‌వేర్ ఫైలు వేస్తే అయిపోయింది. దిగుమతి సరుకు, కస్టమ్స్ సుంకం జోలికి పోకుండా నాకిది నప్పుతుందా అని తేల్చుకోవడానికి ఇంతకంటే చవక దారి లేదు. పీసీలో ఆడేవాళ్ళకు చిక్కులుండవు. పీఎస్5 వాళ్ళు మాత్రం తమ ఆటలో అది పనిచేస్తుందో లేదో చూసుకోకుండా ఏదీ కొనకండి.

కీబోర్డు సంగతి: అదీ లివర్‌లెస్సే. చవకరకంలో మూడు మీటలు కలిపి నొక్కితే ఒకటి పడదు, అంతే తేడా. బ్లూటూత్ వద్దు, తీగతోనే ఆడండి.

నా పాత స్టిక్ అటక మీదుంది, అట్టపెట్టె లివర్‌లెస్ బీరువాలో ఉంది. కావలసినవాళ్ళు ఆదివారం వచ్చి ఒకటి వారంపాటు పట్టుకెళ్ళండి. వచ్చేముందు మీ ప్యాడ్ మీద రెండువైపులా ఇరవై ఇరవై వేసి లెక్క రాసుకు రండి.