కొత్తపేట ప్రసూతి ఆసుపత్రి: నొప్పుల సమయంలో బిడ్డ గుండెను గమనించిన తీరు

గుంటూరు కొత్తపేటలో ఆసుపత్రులకు కొదవ లేదు. మా చెల్లెలి తొలి కాన్పు అక్కడి ఒక ప్రైవేటు ప్రసూతి ఆసుపత్రిలో జరిగింది. బిల్లు గురించి వారితో తేల్చుకోవలసినది ఇంకా మిగిలి ఉన్నందున పేరు రాయడం లేదు. గదులు, క్యాంటీను, పార్కింగు సంగతులు కూడా నేను ప్రస్తావించను. నొప్పులు మొదలైనది మొదలు బిడ్డ బయటపడే వరకు, కడుపులోని గుండె చప్పుడును వారు ఎంత శ్రద్ధగా గమనించారన్నదే ఈ సమీక్షకు విషయం. ఆసుపత్రిని ఎంచుకునేటప్పుడు కుటుంబాలు అన్నిటికంటే ముందు అడగవలసిన ప్రశ్న ఇదేనని నేను నమ్ముతున్నాను.

చెల్లెలికి నెలలు నిండాయి, బీపీ గాని షుగరు గాని లేవు, నొప్పులు వాటంతట అవే వచ్చాయి. అందువల్ల చేర్చుకోగానే కడుపుకు సీటీజీ (బిడ్డ గుండె వేగాన్ని, నొప్పులను ఆగకుండా గ్రాఫుగా గీసే యంత్రం) బెల్టులు బిగించకుండా, డ్యూటీలో ఉన్న సిస్టర్ చేతి డాప్లర్‌తో, అంటే కడుపుపై ఆనించి బిడ్డ గుండె చప్పుడు వినే చిన్న పరికరంతో, వినడం మొదలుపెట్టారు. నొప్పులు బలపడ్డాక పావుగంట, అరగంట మధ్యలో ఒకసారి వచ్చి, ఒక నొప్పి తగ్గిన వెంటనే నిండుగా ఒక నిమిషం పాటు విని, అంకెను అక్కడికక్కడే చార్టులో రాసేవారు. వింటున్నప్పుడే మరో చేత్తో తల్లి మణికట్టు పట్టుకుని నాడి చూసేవారు. డాప్లర్‌కు ఒక్కోసారి తల్లి రక్తనాళపు చప్పుడే వినిపించి, దానినే బిడ్డదిగా పొరబడే ప్రమాదం ఉంటుంది కనుక, ఆ చిన్న పని చేసే సిస్టర్ తన వృత్తిని క్షుణ్ణంగా ఎరిగిన మనిషి అని చెప్పవచ్చు.

నొప్పి తగ్గాక వినడానికి బలమైన కారణం ఉంది. గర్భాశయం బిగుసుకున్నప్పుడు, బిడ్డకు ప్రాణవాయువు అందించే మాయకు రక్తం అందడం కొద్దిసేపు తగ్గుతుంది. ఆరోగ్యంగా ఉన్న బిడ్డ దానిని తట్టుకుంటుంది. నిమిషానికి 110 నుంచి 160 మధ్య ఉండవలసిన గుండె వేగం నొప్పి పోయిన తరువాత కూడా పడిపోయి, ఆలస్యంగా కోలుకుంటుంటే, బిడ్డకు ప్రాణవాయువు చాలడం లేదేమోనని అనుమానించాలి.

రాత్రి పొద్దుపోయాక నొప్పులు మందగించడంతో డాక్టరమ్మ నొప్పులను పెంచే ఆక్సిటోసిన్ మందు డ్రిప్ పెట్టించారు, దానితోపాటే సీటీజీ బెల్టులు కూడా కట్టించారు. ఈ మందు ఎక్కించేటప్పుడు బిడ్డ గుండెను ఆగకుండా గమనించాలి, కనుక ఆ నిర్ణయం సరైనదే. కొంతసేపటికి పది నిమిషాల్లో ఐదుకు మించి నొప్పులు రావడం, వాటి వెనుక గుండె వేగం తగ్గడం గ్రాఫు కాగితంపై కనిపించాయి. సిస్టర్ వెంటనే డ్రిప్ ఆపి, “ఎడమ పక్కకు తిరుగమ్మా, బిడ్డకు రక్తం బాగా అందుతుంది” అంటూ చెల్లెలిని తిప్పి పడుకోబెట్టి, డాక్టరమ్మను పిలిచారు. గీత మామూలు స్థితికి వచ్చేంత వరకు ఆమె మంచం పక్కనే నిలబడి చూశారు. ఆ తరువాత తక్కువ మోతాదుతో డ్రిప్ మళ్లీ మొదలై, తెల్లవారుజామున మామూలు కాన్పే అయింది.

మొదటి నుంచీ బెల్టులు కట్టి ఉంటే ఇంకా మేలు కదా అని మా అత్తయ్య అడిగారు. ఎన్నో దేశాల అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, నిరంతర సీటీజీ వల్ల పుట్టిన బిడ్డల్లో ఫిట్స్ సుమారు సగానికి తగ్గినా, మరణాల్లోగాని, సెరిబ్రల్ పాల్సీలోగాని (మెదడు దెబ్బతిని బిడ్డ కదలికలు కుంటుపడే స్థితి) తేడా కనిపించలేదు. సిజేరియన్లు మాత్రం పెరిగాయి. ఆరోగ్యంగా ఉండి, తనంతట తానుగా నొప్పులు వచ్చిన తల్లికి నిరంతర సీటీజీ వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సూచించింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం కాన్పుల్లో 42 శాతం ఆపరేషన్లే అయిన ఆంధ్రప్రదేశ్‌లో, అవసరం వచ్చే వరకు యంత్రాన్ని పక్కన పెట్టగల ఆసుపత్రిని నేను మనసారా మెచ్చుకుంటాను.

లోపాలూ ఉన్నాయి. చెల్లెలు కదిలినప్పుడల్లా బెల్టు జారి, సిగ్నల్ తప్పి, అలారం మోగేది. అది బిడ్డ గుండె ఆగిన శబ్దం కాదని ముందుగా ఒక్క మాట చెప్పి ఉంటే అమ్మ అంతగా బెదిరిపోయేది కాదు. డ్రిప్ ఎందుకు ఆపారో మాకు తెలిసింది కాన్పు తరువాతే. డిశ్చార్జి కాగితాల్లో ఆ సంగతి ఒక్క ముక్క లేదు, బిల్లులో మాత్రం మానిటరింగుకు విడిగా డబ్బు వేశారు. అడిగితే గ్రాఫు ఇచ్చారు. అది థర్మల్ కాగితం, కొంతకాలానికి అక్షరాలు వెలిసిపోతాయి కనుక వెంటనే జిరాక్సు తీయించుకోవాలి.

ఆ రాత్రి లేబర్ రూములో ఇద్దరే తల్లులు ఉన్నారు కాబట్టి సిస్టర్ ఇంత ఓపికగా వినగలిగారు. మీరు చేరబోయే ముందు, రాత్రి షిఫ్టులో ఎందరు సిస్టర్లు ఉంటారో, ఒక్కొక్కరు ఎందరు తల్లులను చూస్తారో, ఆపరేషన్ అవసరమైతే మత్తు డాక్టరు ఎంతసేపట్లో వస్తారో తప్పకుండా అడగండి.