పూల బాల్కనీకి ఎనిమిది ట్యూబులు: మూడేళ్ళు వాడాక

కుండీల నిండా పూలున్న బాల్కనీ బొమ్మను ఆయిల్ పెయింట్స్‌లో వేయడానికి మూడేళ్ళుగా ఈ ఎనిమిది ట్యూబులే వాడుతున్నాను: టైటానియం వైట్, కాడ్మియం ఎల్లో లైట్, కాడ్మియం రెడ్ లైట్, క్వినాక్రిడోన్ రోజ్, క్వినాక్రిడోన్ మెజెంటా, అల్ట్రామెరైన్ బ్లూ, థాలో గ్రీన్, బర్న్ట్ సియెన్నా. నలుపు లేదు, తొమ్మిదో ట్యూబు అవసరమూ రాలేదు. పువ్వు ఎంత వెలుగుతుందన్నది దాని పక్కనున్న ఆకులూ గోడా ఎంత అణిగి ఉన్నాయన్న దాన్ని బట్టే ఉంటుంది. అలా అణచడానికి కావలసినవన్నీ ఈ ఎనిమిదిలోనే దొరుకుతాయి.

అన్నిటికంటే ఎక్కువ మార్కులు క్వినాక్రిడోన్ రోజ్‌కి. దీని పిగ్మెంట్ నంబరు, అంటే ట్యూబులో రంగునిచ్చే అసలు పదార్థాన్ని గుర్తించే నంబరు, పి.వి.19. ఇదివరకు ఈ చోట చాలామంది అలిజరిన్ క్రిమ్సన్, అంటే పి.ఆర్.83, వాడేవారు. అది వెలుతురుకి వెలిసిపోతుంది, తెల్లరంగు కలిపి లేత గులాబీ చేస్తే ఇంకా త్వరగా పోతుంది. పూల బొమ్మలో లేత గులాబీలే ఎక్కువ కాబట్టి ఈ తేడా చిన్నది కాదు. కొనేటప్పుడు ట్యూబు మీద రంగు పేరుతో సరిపెట్టుకోకుండా పిగ్మెంట్ నంబరు చూడాలి. పేరు చివర ‘హ్యూ’ అని ఉంటే అసలు పిగ్మెంటుకు బదులు వేరేది వాడారని అర్థం. రోజ్‌తో ఇబ్బందులు రెండు. ట్యూబులోంచి తీసినప్పుడు నల్లగా, మొద్దుగా కనిపిస్తుంది, పలుచన చేస్తేనో తెలుపు కలిపితేనో గానీ అసలు రంగు బయటపడదు. పైగా ఆరడానికి చాలా రోజులు తీసుకుంటుంది.

రోజ్, మెజెంటా లాంటి క్వినాక్రిడోన్ రంగుల పారదర్శకత ఎంత పనికొస్తుందో చూడాలంటే రెయిలింగ్ మీదికి పాకిన కాగితం పూలు వేయాలి. మెజెంటాలో తెలుపు కలిపి నేరుగా వేస్తే సున్నం కొట్టినట్టు పాలిపోతుంది. అందుకని ముందు తెలుపులో అతి కొద్దిగా మెజెంటా కలిపి, గుత్తి వెలుగు భాగమంతా కాస్త దళసరిగా వేసి చేతికి అంటనంతగా ఆరనిస్తాను. ఆ తర్వాత మెజెంటాను మీడియంతో, అంటే రంగును పలుచన చేయడానికి కలిపే ద్రవంతో లేదా జెల్‌తో, పలుచన చేసి పైన ఒక్క పొర రాసి, అంచుల దగ్గర గుడ్డతో అద్ది తీసేస్తాను. వెలుతురు ఆ పొరలోంచి లోపలికి వెళ్ళి కింది తెలుపుకు తగిలి తిరిగి వస్తుంది. ఎండ వెనకనుంచి పడ్డ పూరేకుల్లో కనిపించే వెలుగు అచ్చంగా ఇదే. నిజానికి అవి రేకులు కావు, రంగు మారిన ఆకులు. అసలు పువ్వు మధ్యలో ఉండే చిన్న తెల్లటి చుక్క. గుత్తికి మూడు నాలుగు చోట్ల ఆ చుక్క పెడితే చాలు, చూసేవాళ్ళు మిగతావి ఊహించుకుంటారు.

ఎర్ర జెరేనియంలకు పద్ధతి వేరు. వెలుగు కోసం కాడ్మియం రెడ్‌లో తెలుపు కలిపితే ఎరుపు చల్లబడి గులాబీ అవుతుంది. దానికి బదులు పసుపు కలిపితే ఎరుపు ఎరుపుగానే ఉండి ఎండ పడ్డట్టు కనిపిస్తుంది. నీడ వైపుకు రోజ్‌లో చిటికెడు అల్ట్రామెరైన్. గుత్తిని ముందు బంతిలా మూడు ఛాయల్లో కట్టి, వెలుగు వైపు మాత్రం అయిదారు రేకులకు అంచులు ఇవ్వాలి. ఆరో నంబరు ఫిల్బర్ట్ బ్రష్‌తో (కొస గుండ్రంగా ఉండే చదునైన బ్రష్) ఒక రేకుకు ఒకటే ఒత్తు: ఆనించి, నొక్కి, ఎత్తేయాలి. దిద్దకూడదు. రెండు మూడు ఒత్తులకోసారి బ్రష్ తుడవకపోతే కింది ఆకుపచ్చ ఎక్కి ఎరుపు మట్టిరంగుకు తిరుగుతుంది. చాలా బొమ్మలు ఇక్కడే పాడవుతాయి. ఆకులు వేసేటప్పుడే పువ్వుల చోట్లు ఖాళీగా వదిలేయడం మేలు. మరిచిపోతే పూలు పెట్టే ముందు అక్కడి పచ్చరంగును గుడ్డతో కాన్వాస్ కనిపించేదాకా తుడిచేయాలి.

థాలో గ్రీన్ బలమైన రంగు, మోతాదు తప్పితే పాలెట్ మొత్తాన్ని మింగేస్తుంది. సెనగగింజంత పసుపుకు బియ్యపుగింజంత కూడా ఎక్కువే. ఒంటరిగా వాడితే ప్లాస్టిక్ ఆకుల్లా ఉంటాయి కాబట్టి ప్రతి పచ్చలోనూ పువ్వుకు వాడిన ఎరుపే కొద్దిగా కలుపుతాను. థాలో, రోజ్ దాదాపు సమానంగా కలిపితే నలుపును మరిపించే చిక్కటి ముదురు వస్తుంది. కుండీల మధ్య సందులకు అదే సరైనది. గోడకు అల్ట్రామెరైన్, బర్న్ట్ సియెన్నా, తెలుపు కలిపిన బూడిద రంగు. గోడ మీద స్వచ్ఛమైన తెలుపు పెట్టేస్తే పువ్వులకు ఇక వెలుగు మిగలదు.

రెయిలింగ్ ఆఖరున, కింది పొర చేతికి అంటనంతగా ఆరాకే. పొడుగు వెంట్రుకల రిగ్గర్ బ్రష్‌తో, సిరాలా జారే రంగుతో గీయాలి. ఊచను ఒకే ముదురు గీతగా పైనుంచి కిందికి లాగితే జైలు కిటికీలా ఉంటుంది. ఆకులు అడ్డొచ్చిన చోట తెగాలి, వెనక ఆకాశం ఉన్న చోట సన్నబడి లేతబడాలి. నేల మీద దాని నీడ ఊచ మొదట్లో పదునుగా ఉండి, దూరం పోయేకొద్దీ అంచు మెత్తబడుతుంది.

మీడియంగా ఆల్కిడ్ జెల్, అంటే ఆయిల్ రంగును త్వరగా ఆరేలా చేసే జెల్, వాడుతున్నాను, రంగులో నాలుగో వంతు దాటనివ్వను. పలుచని పొర ఒకటి రెండు రోజుల్లో ఆరుతుంది, రోజ్ నిదానానికి ఇదే మందు. కానీ సీసా తెరిచి ఉంచితే పైన తొక్క కడుతుంది, వాసనా ఉంటుంది, కిటికీలు తీసే పని చేయాలి. నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి బుట్టలో పడేయకూడదు. నూనె ఆరేటప్పుడు పుట్టే వేడికి అవి వాటంతటవే అంటుకోగలవు. నీళ్ళు పోసిన మూతున్న లోహపు డబ్బాలో వేయాలి.

బొమ్మ మీద చివరగా రాసే రక్షణ పూత, సంప్రదాయ వార్నిష్‌కు కనీసం ఆరు నెలలు ఆగుతాను. కాగితం పూల కింద తెలుపు దళసరిగా ఉన్న చోట గోరుతో మెల్లగా నొక్కి చూస్తాను. గుంట పడితే లోపల ఇంకా పచ్చిగా ఉన్నట్టే, వార్నిష్ సీసా మళ్ళీ అలమరలోకి.